పిల్లల ఆపరేషన్లలో మత్తు లోతు, ఎయిర్‌వే (గాలి దారి): ముందురోజు నుంచి రికవరీ దాకా

అనస్థీషియాలో కొత్తగా చేరిన పీజీలు, థియేటర్ టెక్నీషియన్లు నన్ను ఎక్కువగా అడిగేవి రెండు ప్రశ్నలు. "పిల్లాడు సరిపడా మత్తులో ఉన్నాడని ఎలా తెలుస్తుంది సార్?" "స్పాజమ్ వస్తే ముందు ఏం చేయాలి?" స్పాజమ్ అంటే స్వరపేటిక బిగుసుకుని గాలి దారి మూసుకుపోవడం. చూడ్డానికి రెండు ప్రశ్నలు గానీ లోపల ఒకటే. ఆపరేషన్ బల్ల మీద పిల్లలకు ఊపిరి ఆడని పరిస్థితి వచ్చిందంటే, చాలాసార్లు మత్తు పలచగా ఉన్నప్పుడు ఎవరో గొంతును కదిలించి ఉంటారు. అందుకే కింద రాసిన ప్రతి అడుగులోనూ ఒకటే క్రమం ఉంటుంది: గొంతులో ఏదైనా పెట్టబోయే ముందు, తీయబోయే ముందు, లోతు చూసుకోవడం.

లెక్కలు తేలిగ్గా అర్థం కావడానికి ఒక పాపను ఉదాహరణగా తీసుకుందాం. అయిదేళ్లు, 16 కిలోలు, టాన్సిల్స్ ఆపరేషన్. మన దగ్గర క్యాప్నోగ్రాఫ్ (వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను గీతగా చూపేది), గ్యాస్ మానిటర్ ఉన్నాయి. మెదడు తరంగాల నుంచి మత్తు లోతును అంకెగా చూపే బిస్ మానిటర్ కూడా ఉంది గానీ దాని సెన్సర్లు స్టాకులో ఉన్న రోజు పండగే.

డోసులు శిక్షణలో ఉన్నవాళ్ళ కోసం రాశాను. పక్కన సీనియర్ ఉండగానే చేయాల్సిన పని ఇది. తల్లిదండ్రులు చదువుతుంటే 1, 9 భాగాలు చాలు.

## 1. ముందురోజు: జలుబు, గురక, పళ్ళు, ఆకలి

జలుబు ఉందా అని తల్లిని అడిగితే వచ్చే జవాబు ఒకటే: "ఏం లేదు సార్, బానే ఉంది." ఆమెను తప్పుపట్టలేం. కూలి మానుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. వాయిదా అంటే మళ్ళీ అంత ఖర్చు. పక్కన కూర్చున్న అమ్మమ్మను అడగండి. "రాత్రంతా ముక్కు బుసబుసలాడుతూనే ఉందయ్యా" అని ఆవిడ చెప్పేస్తుంది.

ముక్కు నీళ్ళలా కారుతూ, జ్వరం లేకుండా, ఛాతీ శుభ్రంగా ఉంటే సీనియర్‌తో మాట్లాడి ముందుకు వెళ్ళవచ్చు. పచ్చటి చీమిడి, 38 డిగ్రీలు దాటిన జ్వరం, తడి దగ్గు, పిల్లికూతలు ఉంటే మాత్రం కనీసం 2 వారాలు వాయిదా వేయండి. జలుబు తగ్గిన 2 వారాల దాకా గొంతు చికాకుగానే ఉంటుంది. ఇంట్లో ఎవరైనా బీడీ, సిగరెట్ తాగుతారా అని కూడా అడగండి. ఆ పొగ పీల్చే పిల్లల్లో స్పాజమ్ ఎక్కువ.

గురక గురించి "గురక పెడుతుందా" అని వదిలేయకండి. "నిద్రలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేస్తుందా? పక్క తడుపుతుందా?" అని అడగండి. అవునంటే స్లీప్ ఆప్నియా అనుమానించాలి. అలాంటి పిల్లలకు ఫెంటనిల్ లాంటి నొప్పి మందులు సగం డోసుకే ఎక్కువగా పనిచేస్తాయి. డీప్‌లో, అంటే పూర్తి మత్తులో ఉండగానే, శ్వాసనాళంలోని ట్యూబు తీసే ఆలోచన కూడా మానుకోవాలి.

మూడో ప్రశ్న కుటుంబం గురించి. ఇంట్లో ఎవరైనా మత్తు తర్వాత గంటల తరబడి లేవలేదా? కండరాల జబ్బు ఉందా? మత్తులో విపరీతమైన జ్వరం వచ్చిందా? మన ప్రాంతంలో ఆర్యవైశ్య కుటుంబాల్లో స్కోలిన్‌ను (కండరాలను వేగంగా వదులు చేసే మందు) విరగ్గొట్టే ఎంజైమ్ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. ఉన్నా ప్రమాదమేమీ కాదు, మందు ప్రభావం దిగేదాకా వెంటిలేట్ చేస్తూ నిద్రలో ఉంచాలి, అంతే. తెలియకపోతేనే కంగారు.

అయిదేళ్లు దాటితే పళ్ళు ఊగుతుంటాయి. ఏ పన్ను ఊగుతోందో కేస్‌షీట్‌లో రాయండి.

ఆకలి విషయంలో మనవాళ్ళు చేసే తప్పు అతిజాగ్రత్త. "రాత్రి పది తర్వాత ఏమీ ఇవ్వొద్దు" అని చెప్పేసి, పాపను మర్నాడు పదకొండింటికి థియేటర్‌కు తెస్తారు. నోరు ఎండి, ఏడ్చి ఏడ్చి, సూదికి నరం (లైన్) దొరకని స్థితిలో వస్తుంది. లెక్క ఇది:

- అన్నం, ఇడ్లీ, గేదెపాలు, ఆవుపాలు, డబ్బాపాలు: 6 గంటల ముందు ఆపాలి
- తల్లిపాలు: 4 గంటలు
- నీళ్ళు, పంచదార నీళ్ళు: 2 గంటలు. చాలాచోట్ల ఇప్పుడు 1 గంటకు తగ్గించారు, మీ ఆస్పత్రి పద్ధతి అడగండి
- గంజి, మజ్జిగ, పాలు కలిపిన టీ నీళ్ళలోకి రావు. అవి ఆహారమే

బరువు కాంటా మీద తూచండి. వయసుకు 4 కలిపి రెండుతో గుణించే సూత్రం మన ఉదాహరణ పాపకు 18 కిలోలు చూపిస్తుంది. కాంటా చెప్పింది 16. డోసు కాంటాదే.

## 2. టేబుల్ సిద్ధం చేయడం

పెద్దవాళ్ళ కంటే పిల్లలు కిలోకు దాదాపు రెట్టింపు ఆక్సిజన్ ఖర్చు చేస్తారు. మత్తులో ఊపిరితిత్తుల్లో మిగిలే గాలి నిల్వ కూడా తగ్గిపోతుంది. అందుకే ఊపిరి ఆగాక వాళ్ళు నీలంగా మారడానికి నిమిషాలు పట్టదు. వస్తువు కోసం వెతికే టైమ్ మీకుండదు కాబట్టి పాప లోపలికి రాకముందే అన్నీ చేతికందేలా ఉండాలి.

మన పాపకు ట్యూబు లెక్క:

- కఫ్ (చుట్టూ ఉబ్బే గాలి బుడగ) ఉన్న ట్యూబు: వయసు ÷ 4 + 3.5, అంటే 4.75. చేతిలో 4.5, పక్కన 4.0, 5.0
- కఫ్ లేనిదైతే: వయసు ÷ 4 + 4
- పెదవి దగ్గర లోతు: వయసు ÷ 2 + 12, అంటే 14.5 సెం.మీ.

ఈ సూత్రాలు రెండేళ్లు దాటినవాళ్ళకు. 3 కిలోలు దాటిన పసిబిడ్డకు మామూలుగా 3.0 కఫ్ ట్యూబు, ఏడాది దాటిన బిడ్డకు 3.5 పడుతుంది. సూత్రం చెప్పిందే పట్టాలని మొండిగా తోయకండి. పసిబిడ్డ శ్వాసనాళం ఇరుకైన చోట 4 మి.మీ. ఉంటుందనుకుంటే, 1 మి.మీ. వాపు వస్తే చాలు, గాలికి అడ్డు 16 రెట్లు పెరుగుతుంది.

చెక్‌లిస్ట్:

- రెండు సైజుల మాస్కులు, జాక్సన్ రీస్ సర్క్యూట్
- గ్వెడెల్ ఎయిర్‌వే (నాలుక దారికి అడ్డుపడకుండా నోట్లో పెట్టే గొట్టం), నోటిమూల నుంచి దవడ మూలదాకా కొలిచి
- లారింజియల్ మాస్క్ (గొంతులో స్వరపేటిక మీద కూర్చునే మాస్క్): 5 కిలోల లోపు 1, 5 నుంచి 10 కిలోలకు 1.5, 10 నుంచి 20కి 2, 20 నుంచి 30కి 2.5. మన పాపకు 2
- రెండు లారింగోస్కోప్ బ్లేడ్లు. బల్బు వెలుగుతోందో లేదో మీరే చూడండి, ఎవరో చూశారని వినకండి
- స్టైలెట్, బూజీ, మాగిల్ ఫోర్సెప్స్
- సక్షన్ ఆన్ చేసి, గొట్టం దిండు కింద
- భుజాల కింద పెట్టే బట్టచుట్ట. ఏడాది లోపు పిల్లలకు తల వెనుకభాగం పెద్దది కాబట్టి మెడ ముందుకు ముడుచుకుపోతుంది. అయిదేళ్ల పాపకు దీని అవసరం తక్కువ, తల కింద పల్చటి దిండు చాలు

మందులు: ప్లాస్టర్ ముక్క ఒకటి చించి, దాని మీద ఈ పాప బరువుకు లెక్కలు రాసి మెషీన్ మీద అంటించండి. టెన్షన్‌లో గుణకారాలు రావు.

- అట్రోపిన్ 0.02 మి.గ్రా. కిలోకు: 0.32 మి.గ్రా. 0.6 మి.గ్రా. యాంపూల్లో సుమారు సగం
- స్కోలిన్ నరంలోకి 1.5 మి.గ్రా. కిలోకు: 24 మి.గ్రా. కండరంలోకి 4 మి.గ్రా. కిలోకు: 64 మి.గ్రా.
- ప్రొపోఫాల్, స్పాజమ్ కోసం 1 మి.గ్రా. కిలోకు: 16 మి.గ్రా. ఇది నిద్రపుచ్చే డోసు కాదు, వేరే సిరంజిలో
- అడ్రినలిన్ 10 మైక్రోగ్రాములు కిలోకు: 1:10000 పలచనలో 1.6 మి.లీ.

స్కోలిన్, అట్రోపిన్ సిరంజిల్లోకి లాగి, పేరు రాసి, ట్రేలో పెట్టండి. ఎందుకో 8వ భాగంలో చెబుతాను.

## 3. ఏ మానిటర్ ఏం చెబుతుంది

మొదట పల్స్ ఆక్సిమీటర్, పాప మెలకువగా ఉండగానే. శబ్దం ఆన్‌లో ఉంచండి. ఆక్సిజన్ తగ్గేకొద్దీ బీప్ స్వరం దిగుతుంది. మీ కళ్ళు గొంతులో ఉన్నప్పుడు చెవులు కాపలా కాయాలి. కానీ ఆక్సిమీటర్ ఆలస్యంగా చెప్పే మిత్రుడు. ఊపిరి ఆగిన సంగతి దానికి తెలిసేసరికి క్యాప్నోగ్రాఫ్ ఎప్పుడో చెప్పేసి ఉంటుంది.

క్యాప్నో గీతను అంకెతో కాదు, ఆకారంతో చదవండి. పైభాగం చదునుగా ఉంటే బాగుంది. రంపపు పల్లులా ఏటవాలుగా లేస్తుంటే గాలి బయటికి రావడానికి కష్టపడుతోంది: ట్యూబు మడత, లేదా పిల్లికూత. ఊపిరి పీల్చినప్పుడు గీత సున్నాకి దిగకపోతే వదిలిన గాలే మళ్ళీ లోపలికి పోతోంది, ఫ్రెష్ గ్యాస్ పెంచండి. మరీ చిన్నబిడ్డల్లో అంకె నిజం కంటే తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే శాంపిల్‌లో ఫ్రెష్ గ్యాస్ కలుస్తుంది.

గ్యాస్ మానిటర్‌లో ముందు చేయాల్సిన పని వయసు మార్చడం. నిన్నటి కేసు 60 ఏళ్ల పెద్దాయనదైతే, మ్యాక్ (మత్తు గ్యాస్ కొలమానం, 4వ భాగంలో చెబుతాను) లెక్క అతని వయసుకే నడుస్తూ ఉంటుంది.

బీపీ కఫ్ వెడల్పు పై చేయి పొడవులో మూడింట రెండొంతులు ఉండాలి. ఇక ఈసీజీ, టెంపరేచర్ ఎటూ పెడతారు.

## 4. మత్తు లోతు చదవడం

ఇక్కడ కాస్త ఆగుదాం. ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

మ్యాక్ అంటే ఏమిటి? కత్తి పెట్టినప్పుడు సగంమంది కదలకుండా ఉండే గ్యాస్ మోతాదు. మిగతా సగం కదులుతారన్నమాట! అందుకే "1 మ్యాక్ ఉంది కదా సార్" అన్న మాటకు అర్థం లేదు. దాదాపు అందరూ కదలకుండా ఉండాలంటే 1.3 దాకా కావాలి. రిలాక్సెంట్ (కండరాలను వదులు చేసే మందు) లేకుండా ట్యూబు వేయాలంటే ఇంకా ఎక్కువ. గొంతు చర్మం కంటే మొండిది.

పీల్చే మత్తు గ్యాస్ సెవోఫ్లురేన్ (సెవో) మ్యాక్ వయసును బట్టి ఇలా ఉంటుంది:

- పుట్టిన బిడ్డ: 3.3% దరిదాపు
- 1 నుంచి 6 నెలలు: 3.2%
- 6 నెలల నుంచి 12 ఏళ్లు: 2.5%

పెద్దవాళ్ళలో నైట్రస్ ఆక్సైడ్ కలిపితే సెవో బాగా తగ్గించుకోవచ్చు. పిల్లల్లో 60% నైట్రస్ కలిపినా తగ్గేది పావువంతే.

ఇంకో మెలిక: మీరు డయల్ మీద చూసేది వేపరైజర్ పంపేది. చూడాల్సింది ఊపిరి చివర మానిటర్ చూపే అంకె. అది కూడా మెదడును చేరడానికి టైమ్ పడుతుంది. డయల్ తిప్పి, అంకె పెరగ్గానే బ్లేడ్ పెడితే మెదడు ఇంకా పాత లోతులోనే ఉంటుంది. అంకె నిలకడగా కొన్ని నిమిషాలు నిలబడ్డాక చూడండి.

అంకెలు పక్కన పెట్టి పాపను చూసి తెలుసుకునేవి:

- కనుగుడ్లు పక్కకు తిరిగి, తలా ఒక దిక్కు చూస్తుంటే ఇంకా ఉద్రేక దశ. ముట్టుకోకండి
- చూపు మధ్యకు వచ్చి, కంటిపాపలు చిన్నవై నిలబడితే లోతు వస్తోంది
- ఊపిరి ఒకే తీరున, గడియారంలా సాగాలి. ఊపిరి బిగబట్టడం, గుటకలు వేయడం లైట్‌గా ఉన్న గుర్తులు
- దవడను రెండు చేతులతో ముందుకు గట్టిగా లాగండి. కదలిక, గుండె వేగంలో మార్పు లేకపోతే లారింజియల్ మాస్క్‌కు దారి సిద్ధం. నేను ఎక్కువ నమ్మే పరీక్ష ఇదే

గుండె వేగం మంచి గుర్తే గానీ మోసం చేసే సందర్భాలున్నాయి. అట్రోపిన్ ఇచ్చాక అది పరుగెత్తుతూనే ఉంటుంది. కెటమిన్‌లో కళ్ళు తెరిచే ఉంటాయి, గుండె వేగంగానే ఉంటుంది, లోతు మాత్రం ఉంటుంది. రిలాక్సెంట్ ఇచ్చిన పాప కదలదు, కాబట్టి కదలికను లెక్కలోంచి తీసేయండి. అప్పుడు మిగిలేవి ఊపిరి చివరి గ్యాస్ అంకె, బీపీ, గుండె వేగం, కన్నీరు. కదలని పిల్లలంతా నిద్రలో ఉన్నట్టు కాదు.

అతిలోతు గుర్తులు: బీపీ దిగడం, గుండె నెమ్మదించడం. అయితే పసిపిల్లల్లో గుండె నెమ్మదిస్తే మొదటి అనుమానం మత్తు మీద కాదు, ఆక్సిజన్ మీద పెట్టుకోండి.

బిస్ ఉంటే: 40 నుంచి 60 మధ్య ఉంచమంటారు. ఏడాది దాటిన పిల్లల్లో అది ఓ మాదిరిగా దారి చూపుతుంది. ఏడాది లోపు ఆ అంకెను నమ్మకండి. ఆ లెక్క పెద్దవాళ్ళ మెదడు తరంగాల నుంచి తయారైంది, పసివాళ్ళ తరంగాల తీరే వేరు. మత్తులో కనిపించాల్సిన ఆల్ఫా తరంగం నాలుగు నెలల వయసు దాటాకే మొదలవుతుంది. కెటమిన్ అంకెను పెంచుతుంది, నైట్రస్‌ను అది పట్టించుకోదు. నుదుటి కండరం బిగుసుకున్నా పెరుగుతుంది. వీలైతే అంకె వదిలేసి తరంగం చూడండి. మధ్యమధ్య గీత చదునైపోయి, మళ్ళీ గుంపుగా లేస్తుంటే మత్తు మరీ ఎక్కువైంది, తగ్గించండి.

## 5. నిద్రపుచ్చే క్రమం

1. సర్క్యూట్‌ను సెవోతో నింపి పెట్టండి. తల్లి ఒడిలో కూర్చున్నా ఫర్వాలేదు. ఏడుపు తక్కువైతే ఉమ్మి తక్కువ, ఉమ్మి తక్కువైతే స్పాజమ్ తక్కువ.
2. అవసరమైతే మిడజోలమ్ నోటితో 0.5 మి.గ్రా. కిలోకు, అరగంట ముందు. గురక ఎక్కువున్న పాపకు ఇవ్వకపోవడమే మేలు.
3. సెవో పెంచుతూ 8% దాకా. రెప్ప తాకితే స్పందన పోవాలి.
4. మాస్క్ పట్టేటప్పుడు వేళ్ళు దవడ ఎముక మీదే ఉండాలి. గడ్డం కింది మెత్తని భాగాన్ని నొక్కితే నాలుక పైకి లేచి దారి మూసుకుపోతుంది. నోరు కాస్త తెరిచి ఉంచండి.
5. గుర్రుమని శబ్దం వస్తే దవడ ముందుకు లాగి, బ్యాగుతో కొద్దిగా ఒత్తిడి ఇవ్వండి. గ్వెడెల్ అప్పుడే వద్దు, లైట్‌లో పెడితే మీరే స్పాజమ్‌ను పిలిచినట్టు.
6. రెప్ప స్పందన పోయాక కనీసం 2 నిమిషాలు ఆగి లైన్ పెట్టండి.
7. లైన్ దొరకగానే సెవో తగ్గించండి.

ఏడో అడుగే మరిచిపోతారు. డయల్ 8 మీదే ఉండగా బ్యాగుతో ఊపిరి ఇవ్వడం మొదలుపెడితే గ్యాస్ దొర్లుకుంటూ లోపలికి పోతుంది. బీపీ పడిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది. దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది: ట్యూబు వేయడానికి ముందు డయల్ ఆపి, వేశాక తెరవడం మరవడం. గ్యాస్ అంకెను గట్టిగా చదివే పని టెక్నీషియన్‌కు అప్పజెప్పండి.

## 6. ట్యూబు వేయడం

ప్రొపోఫాల్, ఫెంటనిల్, తర్వాత రిలాక్సెంట్ అట్రాక్యూరియం 0.5 మి.గ్రా. కిలోకు. మందు ఇచ్చాక సెలైన్‌తో లైన్ తోయండి. చిన్న డోసు సగం గొట్టంలోనే నిలిచిపోతుంది. మూడు నిమిషాలు మాస్క్‌తో ఊపిరి ఇచ్చి అప్పుడు బ్లేడ్ తీసుకోండి.

చెవి రంధ్రం, ఛాతీ ఎముక పైగుంట ఒకే ఎత్తులో ఉంటే తల సరిగ్గా ఉన్నట్టు. పసివాళ్ళలో స్వరపేటిక ఎత్తులో ఉంటుంది, కొండనాలుక కింది మూత పొడవుగా, వదులుగా వేలాడుతుంది. వాళ్ళకు తిన్నటి బ్లేడ్ అలవాటు చేసుకోండి. మన పాపకు వంపు బ్లేడ్ 2 సరిపోతుంది.

ట్యూబు పోయాక:

- క్యాప్నో గీత వరసగా ఆరు ఊపిరులకు నిలబడాలి. ఛాతీ లేచింది, ట్యూబులో ఆవిరి కనిపించింది అన్న మాటలు సాక్ష్యం కావు
- రెండు చంకల్లోనూ వినండి. చిన్న ఛాతీలో ఒకవైపు శబ్దం రెండోవైపుకీ వినిపించి మోసం చేస్తుంది
- కఫ్ ఒత్తిడి 20 సెం.మీ. నీటి లోపు. నైట్రస్ వాడితే కఫ్ లోపలికి చేరి ఒత్తిడి పెంచుతుంది, అరగంటకోసారి చూడండి
- పెదవి దగ్గర అంకె ఎంతో బయటికి చెప్పి, రాసి, ప్లాస్టర్ వేయండి. చెమట, ఉమ్మి తుడిచాకే ప్లాస్టర్

టాన్సిల్స్‌కు వాడే వంపు ట్యూబు గురించి ఒక మాట. వంపు పెదవి దగ్గర చక్కగా కూర్చుంది కాబట్టి లోతు సరిపోయిందనుకోకండి. వయసుకు పొట్టిగా ఉన్న పాపలో కొస కుడి ఊపిరితిత్తిలోకి దిగి ఉంటుంది.

రాకపోతే: రెండుసార్లు ప్రయత్నం. మూడోసారి మీకంటే అనుభవం ఉన్న చేతికి ఇవ్వండి. మధ్యలో ప్రతిసారీ మాస్క్‌తో ఆక్సిజన్ పూర్తిగా నింపాలి. మాస్క్‌తోనూ ఊపిరి వెళ్ళకపోతే తల సర్దండి, గ్వెడెల్ వేయండి, ఇద్దరు కలిసి మాస్క్ పట్టండి, పొట్ట ఉబ్బి ఉంటే గొట్టంతో గాలి తీయండి, లోతు పెంచండి, లారింజియల్ మాస్క్ వేయండి. ఆపరేషన్ ఆపి పాపను లేపేయడం కూడా మంచి వైద్యమే. సర్జన్ ముఖం చూసి నిర్ణయం మార్చుకోవద్దు.

## 7. ఆపరేషన్ నడుస్తున్నప్పుడు

టాన్సిల్స్‌లో గండం సర్జన్ నోటికి గ్యాగ్ పెట్టి తెరిచే క్షణం. అది పెద్ద నొప్పి, కాబట్టి ముందే లోతు ఉండాలి. ఆ గ్యాగ్ ట్యూబును నాలుకకు అదిమి నులిమేయగలదు. తల వెనక్కి వంచినప్పుడు ట్యూబు పైకి జారుతుంది, ముందుకు వంచితే లోపలికి దిగుతుంది. గడ్డం ఎటు పోతే ట్యూబు కొస అటు పోతుందని గుర్తుపెట్టుకోండి. గ్యాగ్ తెరిచాక ఒత్తిడి, క్యాప్నో ఆకారం, రెండు చంకలు మళ్ళీ చూసి, అప్పుడు సర్జన్‌కు "కానివ్వండి సార్" అనండి.

ఆక్సిజన్ తగ్గితే వెతికే వరస:

1. నూరుశాతం ఆక్సిజన్. బ్యాగు చేతిలోకి. ఇతర పనులన్నీ ఆపించండి, గ్యాగ్ వదులు చేయించండి.
2. ట్యూబు జారిందా? క్యాప్నో, పెదవి దగ్గర అంకె.
3. మూసుకుందా? సక్షన్ గొట్టం దిగుతోందా చూడండి. రక్తపు గడ్డ, మడత.
4. ఛాతీ ఒకవైపే లేస్తోందా? లోపలికి దిగిన ట్యూబు, లేదా ఊపిరితిత్తి చుట్టూ గాలి.
5. మెషీన్ వదిలి అంబు బ్యాగుతో ఇవ్వండి. బాగైతే తప్పు మెషీన్‌ది.
6. పిల్లికూతలు వినిపిస్తే: లోతు పెంచి, సాల్బ్యుటమాల్.

కార్బన్ డయాక్సైడ్ కారణం లేకుండా పెరుగుతూ, గుండె వేగం, బిగుసుకున్న కండరాలు తోడైతే మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా (మత్తులో విపరీతమైన జ్వరం తెచ్చే జబ్బు) అనుకోండి. సెవో ఆపండి, దాని మందు డాంట్రోలీన్ ఎక్కడుందో ముందే తెలిసి ఉండాలి.

గొంతులో గుడ్డ పెడితే బోర్డు మీద రాయించండి, నుదుటి మీద ప్లాస్టర్ అంటించండి. తీసేటప్పుడు సిస్టర్ గట్టిగా లెక్క చెప్పాలి.

## 8. ట్యూబు తీయడం, స్పాజమ్ వస్తే చేయాల్సింది

విమానం దిగడం లాంటిదని అంటుంటారు గానీ, నాకు బావి గట్టు దిగడంలా అనిపిస్తుంది. పైన ఉండొచ్చు, కింద ఉండొచ్చు, మధ్యలో కాలు ఆనదు. పూర్తిగా మెలకువలో తీయండి, లేదా పూర్తి లోతులో తీయండి. నడుమ ముట్టుకోవద్దు. టాన్సిల్స్‌లో, గురక పాపలో నా ఓటు మెలకువకే.

1. లోతులో ఉండగానే కంటితో చూస్తూ గొంతు సక్షన్ చేయండి. అంగిలి వెనక, ముక్కు వెనక దాక్కున్న గడ్డ తప్పక చూడాలి. ట్యూబు తీశాక అది జారి శ్వాసనాళం మూస్తే ప్రాణం పోతుంది.
2. పక్కకు తిప్పి పడుకోబెట్టండి.
3. రివర్సల్ (రిలాక్సెంట్‌కు విరుగుడు): నియోస్టిగ్మిన్ 0.05 మి.గ్రా. కిలోకు, గ్లైకోపైరోలేట్ 0.01 మి.గ్రా. కిలోకు.
4. లిగ్నోకైన్ 1 మి.గ్రా. కిలోకు నరంలోకి ఇస్తే దగ్గు తగ్గుతుంది.
5. సెవో ఆపి ఇక పాపను ముట్టుకోకండి. తట్టడం, పిలవడం, సక్షన్, ప్లాస్టర్ పీకడం ఏదీ వద్దు. సర్జన్లకు ఈ మౌనం అస్సలు నచ్చదు.
6. కళ్ళు తానే తెరవాలి, ముఖం చిట్లించాలి, చేయి ట్యూబు వైపు పోవాలి, ఊపిరి క్రమంగా ఉండాలి. ఒట్టి దగ్గు చాలదు, దగ్గు మధ్య దశలోనూ వస్తుంది.
7. ఊపిరితిత్తులు నిండుగా ఉన్న క్షణాన తీయండి. బయటికి వచ్చే గాలి ఉమ్మిని తోసేస్తుంది.

ఇక స్పాజమ్. నేను పీజీగా ఉన్నప్పుడు ఒక రాత్రి మూడేళ్ల బాబుకు గడ్డ కోయాల్సి వచ్చింది. తొందరపడి, రెప్ప స్పందన పోగానే నేనే చేతికి సూది పొడిచాను. బాబు చేయి లాక్కున్నాడు. ఆ మరుక్షణం నా ఎడమ చేతిలో బ్యాగు రాయిలా బిగిసింది. ఛాతీ లోపలికి పీక్కుపోతోంది, పొట్ట పైకి లేస్తోంది, శబ్దం లేదు. క్యాప్నో గీత చదును. ఆక్సిమీటర్ స్వరం మెట్టు మెట్టుగా దిగుతోంది. స్కోలిన్ అడిగితే సిస్టర్ పరుగెత్తింది. మందు పక్క గదిలో ఫ్రిజ్‌లో ఉంది, ఫ్రిజ్‌కు తాళం. ఆలోగా సీనియర్ వచ్చి, నా చేతులు పక్కకు నెట్టి, బాబు చెవి తమ్మెల వెనక రెండు వేళ్ళు గట్టిగా నొక్కి దవడ లాగారు. బ్యాగు మెల్లగా మెత్తబడింది. తాళంచెవి అప్పటికింకా దొరకలేదు. ఆ రోజు నుంచి సిరంజి నింపకుండా పిల్లల కేసు మొదలుపెట్టలేదు.

వరస:

1. "స్పాజమ్" అని గట్టిగా చెప్పండి. సర్జన్ చేయి ఆపాలి, సాయం పిలవాలి.
2. నూరుశాతం ఆక్సిజన్, రెండు చేతులతో మాస్క్, దవడ ముందుకు. బ్యాగుతో నిలకడ ఒత్తిడి ఉంచండి, గట్టిగా పిసకకండి. గాలి పొట్టలోకి పోతుంది.
3. చెవి తమ్మె వెనక, దవడ ఎముకకీ చెవి వెనక ఎముకకీ నడుమ గుంట పైకొసన రెండువైపులా లోపలికి నొక్కండి.
4. గొంతులో రక్తం, ఉమ్మి ఉంటే ఒక్కసారి సక్షన్.
5. లైన్ ఉంటే ప్రొపోఫాల్ 0.5 నుంచి 1 మి.గ్రా. కిలోకు.
6. ఇంకా విడవకపోతే, ఆక్సిజన్ జారిపోతుంటే, ఆలోచన ఆపి స్కోలిన్. పక్కనే అట్రోపిన్. లైన్ లేకపోతే భుజంలోకో తొడలోకో 4 మి.గ్రా. కిలోకు.
7. ఊపిరి ఇచ్చి, అవసరమైతే ట్యూబు. ఆక్సిజన్ ఇస్తున్నా గుండె నిమిషానికి 60 కంటే దిగితే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి, అడ్రినలిన్ ఇవ్వండి.

కండరాల జబ్బు ఉన్న పిల్లలకు, పాత కాలిన గాయాలున్నవాళ్ళకు స్కోలిన్ వద్దు. వాళ్ళకు రోక్యూరోనియం (ఇంకో రిలాక్సెంట్) సిరంజి నింపి పెట్టుకోండి.

స్పాజమ్ విడిచాక పని అయిపోలేదు. మూసిన గొంతుకు ఎదురు పీల్చడం వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. గులాబీరంగు నురగ, తగ్గని ఆక్సిజన్ అవసరం కనిపిస్తుందేమో కొన్ని గంటలు చూడండి.

## 9. రికవరీలో

పక్కకు తిప్పి, దిండు లేకుండా, తల కాస్త కిందికి. వార్డుకు తోసుకెళ్ళేటప్పుడు కూడా మాస్క్, ఆక్సిమీటర్ వెంట ఉండాలి. వరండాలో నీలంగా మారిన పిల్లల కథలు ప్రతి ఆస్పత్రిలోనూ ఉంటాయి.

సెవో మత్తు తర్వాత కొందరు పిల్లలు లేస్తూనే కేకలు వేస్తారు, తల్లిని కూడా గుర్తుపట్టరు. ముందు ఆక్సిజన్, నొప్పి, నిండిన మూత్రాశయం చూడండి. అవి కాకపోతే తల్లిని ఒడిలోకి తీసుకోమనండి, పావుగంటలో సర్దుకుంటుంది. నొప్పికి పారాసెటమాల్ 15 మి.గ్రా. కిలోకు. టాన్సిల్స్ పిల్లలకు కోడీన్, ట్రమడాల్ రాయకండి.

ట్యూబు తీశాక కుక్క మొరిగినట్టు దగ్గు, ఊపిరి పీలుస్తుంటే కూత వినిపిస్తే వాపు. అడ్రినలిన్ నెబ్యులైజేషన్, డెక్సామెథసోన్ ఇచ్చి దగ్గరే ఉంచుకోండి.

పాప నిశ్శబ్దంగా పడుకుని, మాటిమాటికీ గుటకలు వేస్తుంటే టార్చి వేసి గొంతు చూడండి. రక్తం మింగుతూ ఉండొచ్చు. వాంతి అయ్యేదాకా ఎవరికీ తెలియదు. మళ్ళీ థియేటర్‌కు తీసుకెళ్ళాల్సి వస్తే ఆ పొట్ట నిండుగా ఉన్నట్టే లెక్క.

ఇంటికి పంపేటప్పుడు ఒక మాట. అయిదో రోజు నుంచి పదో రోజు దాకా గొంతు మీద తెల్లపొర ఊడుతుంది. అప్పుడు ఉమ్మిలో ఎర్రగా కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా రమ్మనండి. డిశ్చార్జి కాగితం మీద తెలుగులోనే రాయించండి. అమ్మమ్మకు కూడా చదివి వినిపించండి.